గురివి పేర వేసే విస్తరి

అనగనగా, మా అవ్వకు అవ్వ ఇంకా పుట్టని రోజుల్లో, కొండ కింది జొన్నచేల ఊళ్లో గురివి అనే ఆమె ఉండేది. ఒక్క ముద్ద వండుకునేది, ఒక్కతే తినేది.

ఆమెకూ ఒకప్పుడు మొగుడుండేవాడు. మొదటి కాన్పులో పిడికెడు బిడ్డ పుట్టి పోయింది. "అంతా తానే తిని, బిడ్డకు మిగల్చలేదు" అన్నారు ఊరివాళ్లు. రెండో కాన్పులోనూ పిడికెడు బిడ్డే. అదే మాట అన్నారు. మూడోసారీ అంతే. ఈసారి మొగుడే ఆ మాట అని, ఇంకో పెళ్లి చేసుకున్నాడు. అతన్ని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు, ఎందుకంటారు.

బిడ్డ వెనక వచ్చే మావిని ఆ ఊళ్లో చూడకూడదు. మొహం తిప్పుకుని కుండలో వేసి, మూత పెట్టి పూడ్చేవాళ్లు. మూడోసారి పూడ్చే దిక్కు లేక గురివే పూడ్చింది. పూడ్చేముందు మూత తీసి చూసింది. మావి అరచేతిలో ఇమిడింది. పాలిపోయి, గట్టిపడి ఉంది.

తర్వాత ఆమె మంత్రసాని అయింది. ప్రతి కాన్పులోనూ చాటుగా మావిని చూసేది. బొద్దు బిడ్డకు జొన్నరొట్టెంత మావి. పిడికెడు బిడ్డకు పిడికెడు మావి. చెబుదామంటే వినేవాళ్లు లేరు. కాన్పుకు పిలిచేవాళ్లేగానీ, బిడ్డను ఉయ్యాల్లో వేసే తొట్లె పండగకు పిలిచేవాళ్లు కాదు. బిడ్డలు దక్కనిదాని కన్ను మంచిది కాదట.

ఒకరోజు తిమ్మక్క కోడలు నాగులుకు పిడికెడు బిడ్డ పుట్టింది. బతికే ఉంది.

"అంతా తానే తిని, బిడ్డకు మిగల్చలేదు. ఈ పొద్దే పుట్టింటికి పంపుతా" అంది తిమ్మక్క.

గురివి మావిని చేటలో పెట్టి, అందరి ముందూ వసారాలోకి తెచ్చింది.

"అది చూపిస్తే మళ్లీ ఏ గడపా తొక్కనీము నిన్ను."

"తొక్కనులే తిమ్మక్కా. ఒక్కసారి చూడు."

పక్కన జొన్నరొట్టె పెట్టింది. "ఇంత ఉండాల్సింది, ఇంతే ఉంది. కోడలు తిన్నది బిడ్డకు చేర్చేది ఇదే. ఇదే ఎండిపోతే ఆమేం చేస్తాది? తల్లి తప్పు లేదు."

తిమ్మక్క చాలాసేపు చూసింది. "నా తొలి బిడ్డ కూడా ఇంతే ఉండె" అని ఏడ్చింది. నాగులు పుట్టింటికి పోలేదు. బిడ్డ నిలిచింది.

గురివిని మాత్రం ఆ తర్వాత ఎవరూ పిలవలేదు. ఆమె పొయ్యిలోంచి మూడు రోజులు పొగ రాకపోతేగానీ చనిపోయిందని ఊరికి తెలియలేదు.

ఇప్పటికీ ఆ పక్క ఊళ్లలో మావిని రొట్టె పక్కన పెట్టి చూస్తారు. చిన్నదైతే అత్తే నోరు తెరిచి "తల్లి తప్పు లేదు" అనాలి. తొట్లె పండగనాడు మొదటి విస్తరి గురివి పేర వేస్తారు. బతికుండగా పిలవలేదు కదా.