పాత మిషన్‌లో ముందు మార్చేది

"పాత మిషన్‌లో ముందు ఏది మార్చాలి మాస్టారూ?" అని హైమ అడిగింది. అడిగిందని మర్యాదకి అంటున్నాను గానీ, ఆ గొంతులో ఏడుపు ఒక్కటే తక్కువ.

అచ్యుతం మాస్టారు పాలిటెక్నిక్‌లో రిటైరయ్యాక కాకినాడ జగన్నాథపురంలో కంప్యూటర్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నారు. నేనూ హైమా ఆయన దగ్గర పని నేర్చుకున్నాం. ఆయనకో వింత అలవాటు. ఎవరు ఎంత పాత మిషన్ తెచ్చినా ముందుగా స్క్రూ విప్పనిచ్చేవారు కాదు. తెచ్చిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, "ఇంట్లో ఎలా వాడతారో ఇక్కడా అలాగే వాడండి" అని, తాను పక్కన ముక్కాలిపీట మీద సర్దుకునేవారు. పోనీ తెర చూసేవారా అంటే అదీ లేదు. ఆ మనిషినే చూస్తూ కూర్చునేవారు. నాకైతే ఒళ్ళు మండేది. అవతల పని కుప్పలు పడి ఉంటే మధ్యలో ఈ పెళ్ళిచూపులేమిటని హైమ దగ్గర గొణుక్కునేవాణ్ణి. గొణిగినవాణ్ణి నేనేనని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేమీ నామోషీ లేదు.

ఆ వారం మాస్టారు మేనకోడలి పెళ్ళికని సామర్లకోట వెళ్ళారు. మంగళవారం పొద్దున్నే తూరంగి నుంచి త్రినాథ్ అనే కుర్రాడు ఆటోలో మిషన్ వేసుకుని దిగాడు. ఇరవై రెండేళ్ళుంటాయి. గేములాడే మిషన్, కొని తొమ్మిదేళ్ళయింది. ఐదుగురి జట్టులో ఇతనొకడు. ఆట మొదలైన ఇరవై నిమిషాలకల్లా మిషన్ నత్తనడక పడుతోంది, బొమ్మ ఆగి ఆగి కదులుతోంది, ఈలోగా అవతలివాళ్ళు ఇతన్ని కాల్చిపారేస్తున్నారు. ఇప్పటికి మూడు మ్యాచ్‌లు ఇతని వల్లే పోయాయట.

"శనివారం పదింటికి మ్యాచ్ ఉందండి. ఈసారి గానీ ఆగిందంటే నన్ను తీసేసి వేరేవాణ్ణి పెట్టుకుంటానని మా కెప్టెన్ చెప్పేశాడండి" అన్నాడు త్రినాథ్. "డిగ్రీ మధ్యలో మానేశానండి. నాకు సరిగ్గా వచ్చిన పని ఇదొక్కటేనండి."

అతని చేతిలో ఉన్న డబ్బు ఒక్క భాగం కొనడానికి సరిపోతుంది. ఆ ఒక్కటీ ఏదో మేం చెప్పాలి. రెండు కొట్లలో అడిగితే తెర మీద బొమ్మని నడిపించే గ్రాఫిక్స్ కార్డు మార్చెయ్యమన్నారట.

ఇక్కడ హైమ సంగతి చెప్పాలి. కిందటి నెలలో ఒకాయన పాత మిషన్‌లో కొత్త కార్డు బిగించింది ఈవిడే. ఆ పాత పవర్ సప్లై దాన్ని మోయలేక పొగలు కక్కింది, మిషన్ మొత్తం పోయింది. మాస్టారు పల్లెత్తు మాట అనలేదు. అనుంటే బాగుండేది. అప్పటి నుంచీ హైమకి కొత్త భాగం చేతిలోకి తీసుకుంటే చాలు, వేళ్ళు వణికేవి.

మాస్టారు లేరు గదా అని మేం కుర్చీ గొడవ పెట్టుకోలేదు. త్రినాథ్‌ని ఇంటికి పంపేసి మిషన్ బల్ల మీద పెట్టాం. ముందువైపు గాలి పీల్చే ఫ్యాన్ల మీద ఉండే జాలీ తలుపు లేకుండానే తెచ్చాడు. ఎలాగూ విప్పేదేగా, ఒక పని తప్పిందనుకున్నాం తప్ప, అదేమైందని అడిగిన పాపాన పోలేదు. మంగళవారం అంతా నడిపాం, బుధవారం అంతా నడిపాం, గురువారం కూడా నడిపాం. అబ్బే! రెండేసి గంటలు ఆడించినా ఒక్కసారి కూడా ఆగలేదు. వేడి చూస్తే మామూలుగా ఉంది. తప్పు దొరికితే బాగుచెయ్యచ్చు, దొరక్కపోతే ఏం చేస్తాం? హైమ ఒక కాగితం మీద కార్డు, ప్రాసెసర్, ర్యామ్, పవర్ సప్లై అని రాసుకుని, ఒకటి కొట్టేసి, మళ్ళీ రాసి, మళ్ళీ కొట్టేసి, కాగితం చిరిగేదాకా తెచ్చింది. అన్నం డబ్బా విప్పకుండానే ఇంటికి పట్టుకుపోయేది.

శుక్రవారం పొద్దున మాస్టారు రాగానే ఆ కాగితం చేతికిచ్చి అడిగిన ప్రశ్నే నేను మొదట చెప్పింది.

మాస్టారు కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఆ అబ్బాయి ఏడీ?" అన్నారు.

ఫోన్ చేసి పిలిపించాం. వచ్చేసరికి పదకొండయింది. మర్నాడు ఈపాటికి అతని మ్యాచ్ అయిపోయి ఉంటుంది. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"కూర్చో బాబూ. ఇంట్లో ఎలా ఆడతావో అలాగే ఆడు" అన్నారు మాస్టారు.

"ఏ భాగం కొనాలో చెప్పేస్తే వెళ్ళి తెచ్చుకుంటానండి. మళ్ళీ టైం ఉండదండి" అన్నాడతను.

"ఆడు."

హైమ నా వంక చూసింది. నేను గోడ వంక చూశాను. త్రినాథ్ చేసేది లేక కూర్చున్నాడు. హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు, మౌస్ సర్దుకున్నాడు. ఆట మొదలెట్టబోతూ కుడిచెయ్యి మిషన్ ముందువైపుకి చాపాడు. అక్కడ తలుపు లేదు. చెయ్యి గాల్లో ఆగిపోయింది. చటుక్కున వెనక్కి తీసుకుని ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఇదంతా మాస్టారు తర్వాత చెప్పిందే, మేం చూడనే లేదు. మా కళ్ళు తెర మీదే ఉన్నాయి.

"చెయ్యి ఎక్కడికి వెళ్ళింది బాబూ?" అని అడిగారు మాస్టారు.

త్రినాథ్ తల వంచేసుకున్నాడు. "ఆయ్... అలవాటండి. ఆటకి ముందు మా మామ్మ పెట్టిన బొట్టు తాకి కళ్ళకద్దుకుంటానండి. ఆటోలో చెరిగిపోతుందేమోనని తలుపు విప్పి ఇంట్లో పెట్టొచ్చానండి. ఇంతకుముందు చూపించిన కొట్లకీ అలాగే తీసుకెళ్ళానండి."

"వెళ్ళి తీసుకురా" అన్నారు మాస్టారు.

పాత దుప్పటిలో చుట్టి పసిబిడ్డని తెచ్చినట్టు తెచ్చాడు. దుప్పటి విప్పి చూశాం. గడపకి రాసినట్టు జాలీ అంతా పసుపు రాసి ఉంది. దాని మీద గంధం, గంధం మీద కుంకుమ బొట్లు, వాటి మీద మళ్ళీ పసుపు. దసరాకి ఆయుధపూజ నాడు మామ్మ ఏటా అలంకరించేదట. కొత్తలోనే ఇతను "మామ్మా, నీళ్ళు తగిలితే షాక్ కొడుతుంది, కడక్కు" అని భయపెట్టాడట. పాపం ఆవిడ భయపడి ఏనాడూ కడగలేదు, పాతదాని మీదే కొత్తది రాస్తూ వచ్చింది. తొమ్మిది దసరాలు! దువ్వెన పళ్ళల్లో మురికిలా కన్నాలన్నిటా పసుపు గట్టిపడింది. వెలుతురుకి పట్టి చూస్తే ఎక్కడో నాలుగు చుక్కలు తప్ప ఏమీ కనిపించలేదు.

తలుపు బిగించి ఆడించాం. ఇరవై రెండో నిమిషంలో మిషన్ లోపల ఉడికిపోయి, కాలిపోకుండా తన్ను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంది. బొమ్మ ఆగి ఆగి కదిలింది. తలుపు తీశాం. కాసేపటికి తేరుకుంది.

హైమకి ప్రాణం లేచొచ్చింది. "అయ్యో, ఇంతేనా!" అంటూ బ్రష్షూ నీళ్ళ మగ్గూ పట్టుకొచ్చేసింది. అప్పుడు త్రినాథ్ ఆ తలుపుని రెండు చేతులా గుండెకి అదుముకున్నాడు.

"వద్దండి! మా మామ్మ కార్తీకంలో పోయిందండి. ఆఖరి దసరాకి చెయ్యి వణుకుతూ పెట్టిందండి ఈ బొట్టు. మా ఇంట్లో అందరూ తిడుతుంటే, 'ఇది వాడి పనిముట్టు' అన్నది ఆవిడొక్కర్తేనండి. తుడిచెయ్యమంటే ఎలాగండి?"

చూస్తే నిజమే. ఒక మూలకి జరిగిపోయి, పక్కకి సాగిపోయి ఉంది ఆ బొట్టు. మగ్గు పట్టుకుని హైమ అలాగే నిలబడిపోయింది. తుడిస్తే ఆ అబ్బాయికి మామ్మ పోతుంది, తుడవకపోతే జట్టు పోతుంది. నాకు మటుకు కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియదు, ఆ పోయిన ముసలావిడ మీదేమో కూడా.

మాస్టారు జేబులోంచి మడత కాగితం తీసి హైమ ముందు పెట్టారు. "ఏది మార్చాలని అడిగావుగా. నువ్వే చెప్పమ్మా."

హైమ మగ్గు కింద పెట్టింది. తర్వాత చెమట తుడుచుకుని, "తలుపు" అంది.  కాగితం పక్కకి నెట్టేసింది. "కార్డు కొనకండి త్రినాథ్ గారూ. ఏమీ కొనకండి. తలుపొక్కటే మారుస్తాను. ఇది మీ గోడకి తగిలించుకోండి, చెయ్యి అందేచోట."

అనడమైతే అంది గానీ, రేపు ఆగిందంటే ఆ పాపం తనదే. ఆ సంగతి ఆ మొహంలో నాకు కనపడుతూనే ఉంది. కిటికీలకి కొట్టే ఇనప జాలీ ముక్క ఒకటి కొలిచి కత్తిరించి, నాలుగు స్క్రూలతో తానే బిగించింది. ఈసారి వేళ్ళు వణికాయో లేదో నేను గమనించలేదు. గమనించవలసింది.

శనివారం పది గంటలకి కొట్లో ఎవరికీ పని మీద దృష్టి లేదు. హైమ ఫోన్ బల్ల మీద పెట్టుకుని గడియారం చూస్తోంది. పదీ ఇరవై. పదీ ఇరవై రెండు. నిన్న మిషన్ ఉడికిపోయిన నిమిషం అదే. పదీ ముప్పావుకి ఫోన్ మోగింది.

"ఓడిపోయామండి" అన్నాడు త్రినాథ్. హైమ కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "కానీ మిషన్ ఆగలేదండి! ఆఖరిదాకా మిగిలింది నేనొక్కణ్ణేనండి. వచ్చే మ్యాచ్‌కీ నువ్వే అన్నాడండి కెప్టెన్. తలుపు గోడకి కొట్టుకున్నానండి. ఇందాక తాకే కూర్చున్నానండి."

హైమ ఫోన్ పెట్టేసి భోరుమంది.  కళ్ళు తుడుచుకుని, అదేమి మనిషో, మళ్ళీ మొదలెట్టింది. "అతని చెయ్యి అటు వెళ్ళకపోయుంటే? మీరు పెళ్ళి నుంచి రాకపోయుంటే? నేను కార్డే చెప్పేసేదాన్ని మాస్టారూ. ఇంకోసారి ఇలాగే వస్తే ముందు ఏది..."

అంతలో గుమ్మంలో ఒక పెద్దావిడ, చీర కొంగుతో దుమ్ము తుడుస్తూ, పాత కంప్యూటర్ పెట్టె ఒకటి దింపింది. హైమ చెయ్యి దానంతటదే స్క్రూడ్రైవర్ మీదికి పోయింది.

"ముందు ఆవిడకి ఆ కుర్చీ ఇలా లాగమ్మా" అన్నారు మాస్టారు.