మాల తీసిన ఆదివారం

గౌరునాయుడికి శబరిమల కొండ ఎక్కేటప్పుడు భయం లేదు. దిగొచ్చాకే భయం. తోటి స్వాములంతా మాల ఎప్పుడు తీస్తారా అని ఎదురుచూస్తుంటే, అతనొక్కడూ మెళ్ళో మాలని పిడికిట్లో బిగించి పట్టుకుని తిరుగుతున్నాడు.

తొమ్మిదేళ్ళుగా ఇదే తంతు. దీక్షలో ఉన్న నలభై ఒక్క రోజులూ చుక్క ముట్టడు. చన్నీళ్ళ స్నానం, ఒంటిపూట భోజనం, నేలమీద పడక, అన్నీ తు.చ. తప్పకుండా చేస్తాడు. మాల తీసిన సాయంత్రానికి మాత్రం వైన్ షాపు ముందు ఉంటాడు. పోయినేడు ఆ సాయంత్రమే అతని భార్య దమయంతి చెయ్యి విరిగింది. ఎలా విరిగిందో అతనికి గుర్తులేదు. గుర్తులేకపోవడమే అతన్ని ఏడాదంతా తినేసింది. అయినా తాగుతూనే ఉన్నాడు, ఏం మనిషో!

ఈసారి ఎనిమిదేళ్ళ కూతురు అడిగింది. దీక్షలో ఉన్నన్నాళ్ళూ ఇంట్లోవాళ్ళు కూడా స్వామీ అనే పిలవాలి కదా.

“స్వామీ, రేపట్నుంచి నిన్ను మళ్ళీ నాన్నా అనాలా?”

“అనాలమ్మా.”

“వద్దు. నువ్వు స్వామిగానే ఉండిపో.”

ఆ రాత్రి అతనికి కంటిమీద కునుకు లేదు. ఆదివారం తెల్లారుతూనే అయ్యప్ప పీఠానికి పరిగెత్తి కూర్మారావు గురుస్వామి కాళ్ళమీద పడ్డాడు. గురుస్వామి ఒకప్పుడు రైలుపట్టాల మీద పనిచేసిన మనిషి. ఇరవై మూడుసార్లు కొండెక్కాడు. పలాసలో సగం మందికి మాల వేసింది ఆయనే.

“తియ్యొద్దు స్వామీ, చచ్చేదాకా ఉంచెయ్యండి. ఇది మెళ్ళో లేకపోతే నాను మనిషిని కాను.”

గురుస్వామి కొబ్బరికాయ కొట్టాడు. మంత్రం చెప్పి, మాల తీసి, పటం ముందు పెట్టాడు.

నాయుడు బోసిమెడ తడుముకుని భోరుమన్నాడు. “అయిపోయింది స్వామీ. సాయంత్రం దాకా కూడా ఆగలేను.”

“అయితే పద నాయుడూ, ఇప్పుడే ఎల్దాం.”

“ఎక్కడికి?”

“తాగుడు మానాలనుకునేవోళ్ళు ఆదివారం ఆదివారం ఒకచోట కూకుంటారట. పెద్దాసుపత్రి గోడమీద కాయితం చూసేను.”

అంత ఏడుపులోనూ నాయుడికి రోషం పొడుచుకొచ్చింది. “పదిసార్లు కొండెక్కినోణ్ణి, నన్ను తాగుబోతుల మధ్యన కూకోబెడతారా?”

“కూకోబెడతాను,” అని ఆయన నడక మొదలెట్టాడు. ఆయన మాల ఇంకా తియ్యలేదు. వట్టికాళ్ళతోనే కంకర మీద చరచరా నడుస్తున్నాడు.

కాగితంలో రాసింది చర్చి వెనక గది. తీరా వెళ్తే దానికి తాళం. వాళ్ళు అక్కణ్ణించి ఎప్పుడో మారిపోయారని, ఎక్కడికో తెలీదని వాచ్‌మన్ చెప్పాడు. ఇదే అదననుకుని నాయుడు వెనక్కి తిరగబోయాడు. గురుస్వామి ఎదురుగా ఉన్న టీకొట్టు దగ్గరికి పోయి, సంతలో కేకేసినట్టు అడిగాడు.

“తల్లీ, తాగుడు మానేవోళ్ళు కూకునే గది ఎక్కడ?”

బెంచీ మీదున్న నలుగురూ తలలు తిప్పి నాయుడి మొహమే చూశారు. అతను సిగ్గుతో చితికిపోయాడు.

“మెల్లగా అడగండి స్వామీ!”

“వైన్ షాపు ఎక్కడని ఎప్పుడైనా మెల్లగా అడిగేవా?”

టీకొట్టావిడ నవ్వలేదు. “పాత పశువులాసుపత్రిలో, బాబూ. మా ఆయన్నీ తోలేను. రెండు వారాలెల్లి, ఎల్డం మానీసేడు,” అంది. గ్లాసు కడిగి బోర్లించి, “ఇప్పుడు లేడు,” అంది.

పశువులాసుపత్రిలో సున్నం రాలిన గది. ఏడు ప్లాస్టిక్ కుర్చీలు, అయిదుగురు మనుషులు, ఒక టీ ఫ్లాస్కు. గురుస్వామి నాయుణ్ణి లోపలికి పంపి, తను బయట ఎండలో గట్టుమీద కూచున్నాడు.

పావుగంట కాలేదు, నాయుడు బయటికొచ్చేశాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

“ఇదేం దిక్కుమాలిన చోటు స్వామీ! లోపల ఒక మేష్టారున్నారు. పదకొండేళ్ళుగా వస్తన్నారట. వచ్చి ఏటి లాభం? మొన్న శుక్రవారం మళ్ళీ తాగీసేరట! తనే అందరిముందూ చెప్పి ఏడిచేరు. పదకొండేళ్ళకీ మానలేనోడు నాకేటి దారి చూపిస్తాడు?”

అంటూనే గోడకి చేరబడి జారి కూలబడ్డాడు. “ఇదే ఆఖరి గుమ్మం అనుకున్నాను. ఇక్కడా లేదు. ఇంక నా గుంట ఎవర్ని పట్టుకుని నాన్నా అంటాది?”

గురుస్వామి గట్టు దిగి వచ్చి అతని పక్కనే మట్టిలో కూచున్నాడు.

“మేష్టారు శుక్రవారం తాగేరా?”

“తాగేరు.”

“ఇయ్యాల ఎక్కడున్నారు?”

“ఆ గదిలోనే ఉన్నారు.”

గురుస్వామి గొంతు పెంచకుండా అడిగాడు.

“ఇయ్యాల్టికి ముందు తొమ్మిదిసార్లు మాల తీసేను, తొమ్మిదిసార్లూ తాగేవు. తాగిన మర్నాడు ఏ గుమ్మానికెళ్ళేవు నాయుడూ?”

నాయుడు ఒక్కో ఏడూ లెక్కపెట్టుకుంటూ పోయాడు.

తాగాక ఏ ఏడూ పీఠం ఉన్న వీధిలోకే వెళ్ళలేదు, మొహం చెల్లక. మళ్ళీ కార్తీకం వచ్చేదాకా గురుస్వామి కంటబడకుండా సందుల్లోంచి తిరిగేవాడు. ఇంటికెళ్ళినా గోడవైపు తిరిగి పడుకునేవాడు. తాగిన మర్నాడు తలెత్తుకుని వెళ్ళిన చోటు ఒక్కటే, వైన్ షాపు. అక్కడెవరూ ఏమీ అడగరు.

లోపల మేష్టారు ఇంకా ఏడుస్తూనే ఉన్నారు. వినబడుతోంది.

నాయుడు లుంగీకి అంటిన మట్టి దులుపుకుని లేచాడు. లోపల మేష్టారి పక్క కుర్చీ ఖాళీగా ఉంది. వెళ్ళి అందులో కూచున్నాడు.