స్టిక్కరు కింద గీత

నూకరత్నానికి ఆ వారమంతా ఒకటే బెంగ. ఆదివారం అనంతగిరి ఘాట్ రోడ్డు మీద రాష్ట్ర సైకిల్ జట్టుకి ఎంపిక పోటీ. పోయినేడు ఇదే పోటీలో మూడు సెకన్ల తేడాతో ఆమెకి జట్టులో చోటు తప్పిపోయింది. మూడు సెకన్లంటే ఒక తుమ్ముకి పట్టే సేపు. ఆ తుమ్ము ఏడాది పొడుగునా ఆమెని నిద్రపోనివ్వలేదు.

ఈసారి చేతిలో కార్బన్ సైకిలుంది. జిల్లా పోటీలో మొదటొచ్చినందుకు ఒక కంపెనీవాళ్ళు బహుమానంగా ఇచ్చారు. నల్లగా నిగనిగలాడేది, రెండు వేళ్ళతో ఎత్తితే లేచేది. అది వచ్చిన నాటినుంచి ఈ అనకాపల్లి పిల్లకి కాళ్ళు నేలమీద నిలవడం లేదు.

ఆమె గురువు పైడయ్య మేస్టారు. అరవై నాలుగేళ్ళ మనిషి, స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరయ్యాడు. ఒకప్పుడు ఆయనా రేసుల్లో తొక్కినవాడే. ఇప్పుడు విశాఖలో పదిమంది పిల్లలకి ఊరికే నేర్పుతున్నాడు. ఆయన తొక్కేది టైటానియం సైకిలు. ప్లాంటు కట్టే రోజుల్లో వచ్చిన ఒక రష్యా ఇంజినీరు వెళ్ళిపోతూ వెళ్ళిపోతూ ఇచ్చిపోయాడు. దానికి రంగూ లేదు, షోకూ లేదు. పిల్లలు దాన్ని చాటుగా 'సత్తు గిన్నె' అనేవాళ్ళు. రత్నం ఎదురుగానే అనేది.

"మేస్టారూ, టైటానియం మంచిదా, కార్బన్ మంచిదా?" అని ఒకరోజు అడిగింది. జవాబు తన దగ్గరే ఉన్నవాళ్ళు అడిగే తీరులో అడిగింది.

"ఎవరికి?" అన్నాడు మేస్టారు.

"ఎవరికేటి మేస్టారూ! తొక్కీవోళ్ళకి. మీదానికంటే నాది కిలో తక్కువ."

మేస్టారు గొలుసుకి నూనె వేసుకుంటూ ఊరుకున్నాడు. ఆయన ఊరుకుంటే తానే గెలిచాననుకుంది రత్నం.

మేస్టారి దగ్గర పెద్దగా కట్టుబాట్లు ఏమీ లేవు. ఒకే ఒక్క ఆనవాయితీ ఉంది. సాయంత్రం సైకిలు షెడ్డులో పెట్టేముందు ఎవరైనా సరే ఆయన ఎదుట ఆగి ఒక మాట చెప్పాలి. "పడ్డాను" అనో, "పడ్నేదు" అనో. పడ్డానంటే తిట్టేవాడు కాదు. ఆ సైకిలు మాత్రం పక్కకి పెట్టేసేవాడు. ఉక్కు సైకిలైతే ఆయనే తిప్పి తిప్పి చూసి ఇచ్చేసేవాడు. కార్బన్‌ది పైకి కనపడకుండా లోపలే చిట్లుతుంది కాబట్టి హైదరాబాదు పంపించి పరీక్ష చేయించాలి. అది తిరిగొచ్చేసరికి పది రోజులు పడుతుంది.

బుధవారం రత్నం ఒక్కతే ఘాట్‌కి వెళ్ళింది. దిగుతుంటే ఒక మలుపులో ఇసుక ఉంది. సైకిలు జారిపోయి పిట్టగోడ రాయికి కొట్టుకుంది. మోకాలు దోక్కుపోయింది గానీ అది లెక్కలోది కాదు. ఫ్రేములో కింది గొట్టం మీద బియ్యపుగింజంత గీత పడింది. గోటితో రాసి చూసింది. పైన రంగు లేచిందంతే అనుకుంది. లోపలికి దిగితే నా బరువుకి ఈపాటికి తెలిసేది కదా అనుకుంది. రంగే, రంగే అని నాలుగుసార్లు అనుకుంది. నిజమైన మాటని నాలుగుసార్లు అనుకోవలసిన పని ఉండదు. ఆ సంగతి పాపం ఆమెకీ తెలుసు.

నూకాలమ్మ గుడి దగ్గర కొన్న అమ్మవారి స్టిక్కరొకటి సంచిలో ఉంది. ఎర్రటి మొహం, వెండి కళ్ళు, చుట్టూ పసుపు. దాన్ని తీసి ఆ గీత మీద అంటించింది. అమ్మవారిని గోటితో గీకి కింద ఏముందో చూసే ధైర్యం ఎవరికుంటుంది?

ఆ సాయంత్రం షెడ్డు ముందు ఆగింది.

"పడ్నేదు మేస్టారూ."

ఆయన ఆమె మోకాలి వైపు చూసినట్టనిపించింది. పొడుగు ప్యాంటు వేసుకుని ఉంది కాబట్టి కనపడడానికి ఏమీ లేదు. "సరేనమ్మా," అన్నాడాయన.

శనివారం పొద్దున్నే గురువూ శిష్యురాలూ ఇద్దరే ఘాట్ ఎక్కారు. పోటీ ముందురోజు దారిని ఒకసారి చూసుకోవడం మామూలే. మంచు దట్టంగా ఉంది. రోడ్డు పక్క కాఫీ మొక్కల మీంచి నీళ్ళ చుక్కలు రాలుతున్నాయి. మిగతా రోజుల్లో అయితే రత్నం మొదటి మలుపులోనే మేస్టారిని వదిలేసి పోయేది. ఇవాళ ఆయన పక్కనే తొక్కుతోంది. గుంత వచ్చినప్పుడల్లా ఊపిరి బిగబట్టి, కింద నుంచి ఏదైనా చప్పుడు వస్తుందేమోనని వింటోంది.

"ఏటి రత్నం, నత్తలాగ ఎక్కుతున్నావు?"

"రేపటికి దాచుకుంటన్నాను మేస్టారూ."

"దాచుకో, దాచుకో," అన్నాడాయన. ఆ మాట ఆమెకి చురుక్కుమంది.

పైకి చేరాక మేస్టారు సైకిలు దిగి, దాన్ని పిట్టగోడకి ఆనించాడు. హెల్మెట్ పట్టీ బిగించుకున్నాడు. తర్వాత ఆమె వైపు చెయ్యి చాపాడు.

"ఓపాలి ఇలాగియ్యి."

"ఏటి మేస్టారూ?"

"నీ సైకిలు. నా బతుకులో కార్బన్ మీద ఘాట్ దిగనేదు. రేపు నువ్వు దిగబోయేది ఎలాగుంటాదో నానూ చూస్తాను. నువ్వు నా సత్తు గిన్నె మీద రా."

రత్నం హ్యాండిలు వదల్లేదు. "మీకు అలవాటు నేదు కదా మేస్టారూ, బ్రేకులు మరీ గట్టిగా పడతాయి," అంది. "రోడ్డు తడిగా ఉంది," అంది. "సీటు ఎత్తు మీకు సరిపోదేమో," అని కూడా అంది. అన్నీ చెప్పింది, చెప్పవలసిన ఒక్కటీ తప్ప.

"నలభయ్యేళ్ళుగా తొక్కుతున్నానమ్మా," అని మేస్టారు నవ్వాడు. సైకిలు అందుకుని, వంగి, అమ్మవారి స్టిక్కరుని వేళ్ళతో తాకి కళ్ళకద్దుకున్నాడు. "తల్లే కూచోనుంది. ఇంకేటి భయం?"

ఎక్కి కదిలాడు.

అక్కడినుంచి రెండు వందల గజాల వరకు రోడ్డు మెల్లిగా వాలుతుంది. ఆ తర్వాత నిట్టనిలువుగా దిగి, ఒక్కసారిగా ఎడమకి తిరుగుతుంది. ఆ మలుపు అవతల అంతా లోయే.

రత్నం నిలబడిపోయింది. నేను బుధవారం నుంచి రెండుసార్లు దిగాను కదా, ఏమీ కాలేదు కదా అనుకుంది. తను యాభై కిలోలు. మేస్టారు ఎనభై దాటి ఉంటాడు. నోరు విప్పితే సైకిలు హైదరాబాదు పోతుంది, రేపటి పోటీ పోతుంది, మళ్ళీ ఏడాది పోతుంది. అన్నిటికంటే ముందు మేస్టారి దగ్గర మాట పోతుంది. ఏమీ కాదులే అనుకుని ఊరుకుంది. అవును, ఊరుకుంది. కొన్ని క్షణాలే కావచ్చు, కానీ గురువు ప్రాణాన్ని ఒక పోటీ పక్కన పెట్టి ఏది బరువో చూసుకుంది. ఆ పిల్ల మీద నాకు ఎంత ఇష్టమున్నా ఈ ముక్క దాటేసి కథ చెప్పలేను.

మంచులో ఆయన వీపు చిన్నదవుతోంది. వాలు మొదలయ్యే చోట ఆయన సీటు మీంచి కొద్దిగా లేచి ముందుకి వంగాడు. చొక్కా గాలికి ఉబ్బింది. వేగం అందుకోబోయేముందు ఎలా వంగాలో రత్నానికి ఆయనే నేర్పాడు. 

"మేస్టారూ!"

ఆ కేక మంచులోనే ఎక్కడో ఆగిపోయింది. ఆమె పరుగెత్తింది. రేసు బూట్ల కింద పెడలుని పట్టుకోవడానికి ఉండే బిళ్ళలతో తడి తారు మీద ఎవరూ పరుగెత్తలేరు. నాలుగడుగులకే జారి రెండు చేతులమీదా పడింది. పడినచోటినుంచే గొంతు చించుకుని అరిచింది.

"ఆగండి! మేస్టారూ, ఆగండి! పడ్డాను! బుధవారం పడ్డాను! అది ఇరిగిపోతాది!"

కింద నుంచి బ్రేకు కీచుమంది. ఆ తర్వాత ఏమీ వినపడలేదు. మంచులో మనిషి కనపడటం లేదు. ఆమెకి పిలవడానికి కూడా భయం వేసింది.

చాలాసేపటికి సైకిలు చక్రం టిక్కుటిక్కుమని తిరుగుతున్న చప్పుడు వినిపించింది. మేస్టారు సైకిలు నడిపించుకుంటూ పైకి వస్తున్నాడు. దగ్గరకొచ్చి, నెత్తురు కారుతున్న ఆమె అరచేతులు చూశాడు.

"పడింది ఇప్పుడా, బుధవారమా?"

"రెండూ మేస్టారూ," అంది రత్నం.

ఆయన సైకిల్ని ఆమె ముందు పడుకోబెట్టాడు.  ఆమె మోకాళ్ళ మీద కూర్చుని స్టిక్కరు అంచు పట్టుకుని లాగింది. అది రెండు మూడు ముక్కలుగా వచ్చింది. బుధవారం నాటి బియ్యపుగింజ ఇప్పుడు అక్కడ లేదు. గీత గొట్టం చుట్టూ పాకి సగం దాకా వచ్చేసింది. వేలితో నొక్కితే దాని అంచులు పెదవుల్లా కదిలాయి.

రత్నం వెక్కి వెక్కి ఏడ్చింది. మేస్టారు పక్కనే గట్టు మీద కూర్చుని, ఆమె ఏడుపు అయ్యేదాకా ఉండి, జేబురుమాలు నీళ్ళతో తడిపి ఇచ్చాడు.

"మీకు తెలుసా మేస్టారూ? తెలిసే ఎక్కారా?"

 ఆయన లేచి తన బూడిదరంగు సైకిలు తెచ్చి, హ్యాండిలు ఆమె చేతికిచ్చాడు. "రేపు దీని మీద తొక్కు," అన్నాడు.

రత్నం కళ్ళు తుడుచుకుని, రోడ్డు మీద పడున్న నల్ల సైకిలు వైపు అసహ్యంగా చూసింది. ఏడుపు పోయి కోపం వచ్చింది.

"కార్బనే మంచిది కాదు మేస్టారూ. ఇదే టైటానియమైతే సొట్టపడి పైకి సూపించీది. ఇది లోపలే దాసుకుంది. పాపిష్టిది."

"దాన్నేటీ అనకు," అన్నాడు మేస్టారు. "దాని గుణం అంత. దాచుకునే సైకిల్ని దాచుకునే మనిషి ఎక్కకూడదు."

ఆ మాట అని నల్ల సైకిల్ని భుజానికెత్తుకుని కిందికి నడవడం మొదలుపెట్టాడు.

రత్నం చేతిలో టైటానియం సైకిలుంది, ముందు పన్నెండు మైళ్ళ దిగుడు ఉంది. ఆమె ఎక్కలేదు. దాన్ని నడిపించుకుంటూ ఆయన వెనకే వెళ్ళింది.