గిజిగాడి గడ్డి వల

అడవి వాగు నుంచి ఒక సన్నటి పాయ చీలి మడుగులోకి పారేది. ఆ మడుగులో కొర్రమీను, దాని బుల్లి పిల్లలు ఉండేవి. ఏళ్ల తరబడి ఒండ్రు పేరుకుని పాయ గొంతు పూడుకుపోయింది. మడుగు అడుగంటసాగింది.

"పిల్లలకు ఊపిరాడటం లేదు ఏనుగత్తా!" అని మొర పెట్టుకుంది కొర్రమీను.

ఏనుగు వచ్చి చూసింది. "గట్లను కాలితో అదిమి వెడల్పు చేస్తా. మళ్లీ కూలకుండా లోపల వెదురు బద్దల చుట్టు బిగిస్తా. కానీ ఊడిన మట్టిగడ్డలు నేరుగా మడుగులోకే పోతాయే!"

"దానికి నేనున్నాగా," అన్నాడు గట్టు మీది చెట్టున గూడల్లుకుంటున్న గిజిగాడు. పాయ దిగువన, మడుగుకు కాస్త ముందు, గొడుగు తిరగేసినట్టు ఒక గడ్డి వల అల్లి కట్టాడు. ఏం పనితనం! కన్నాలు మరీ చిన్నవైతే నీళ్లాగుతాయి, మరీ పెద్దవైతే మట్టి జారుతుంది. అందుకే ఒక్కో కన్నాన్నీ ముక్కుతో కొలిచి మరీ అల్లాడు. వలను పట్టి ఉంచేందుకు, పనయ్యాక మూతి ముడిచేందుకు ఒక నార తాడు కూడా పెట్టాడు.

ఏనుగు అదిమింది, చుట్టు బిగించింది. గడ్డలన్నీ వలలో పడ్డాయి. తీరా చూస్తే నీటి ధార దారంలా సన్నబడింది!

గట్టు మీద నక్క పళ్లికిలించింది. "ఏం మరదలా, పాయ బాగుపడింది, అడ్డమల్లా ఆ వలే! తాడు కొరికెయ్." మట్టి మడుగును కమ్మితే చేపలు తేలతాయని దానికి నోరూరుతోంది.

కొర్రమీను గబుక్కున తాడు కరిచింది.

"ఆగు చెల్లెమ్మా!" అని అరిచాడు గిజిగాడు. "వల ఖాళీగా ఉందా, నిండిందా?"

"నిండింది అన్నా."

"మరి తెంపితే అదంతా ఎవరి మీద పడుతుంది?"

కొర్రమీను పిల్లల వంక చూసి తాడు వదిలేసింది. "అయితే త్వరగా ఏదో ఒకటి చెయ్యి!"

"ఏనుగత్తా, ముందు తొండంతో మట్టి పీల్చెయ్. తర్వాతే వల తీద్దాం."

ఏనుగు బుర్రున పీల్చింది. నీరు కదిలింది. "ఇదంతా ఎక్కడ పొయ్యనురా?" అంది మూలుగుతూ.

"అదుగో, నక్క బావ నోరు తెరుచుకునే ఉన్నాడుగా!"

తొండెడు బురద నక్క నెత్తిన పడింది. గిజిగాడు తాడు లాగి వల మూతి ముడిచి, ఒక్క గడ్డ జారకుండా పైకెత్తాడు. నీరు గలగలమంటూ మడుగులోకి దూకింది.

పూడుకున్న రక్తనాళాన్ని తెరిచి ఉంచే జాలీ గొట్టం, అంటే స్టెంటు, వేసేటప్పుడు ఊడే ముక్కలు ముందుకు పోకుండా డాక్టర్లు కొందరికి పెట్టే చిన్న వల పనీ ఇదే. అది నిండితే రక్తం మందగిస్తుంది. వాళ్లూ గిజిగాడిలాగే, ముందు ఆ ముక్కల్ని పీల్చి, ఆ తర్వాతే ముడిచి తీస్తారు.

నీతి: కాపు కాసేవాడికి బరువెక్కితే బరువు దించాలి గానీ, వాణ్ణి తప్పించకూడదు.