ఈరక్క పొయ్యి

అనగనగా అంటే నిన్నో మొన్నో కాదు. మీ తాతకు తాత ఇంకా ఉయ్యాల కూడా ఎక్కని కాలం. ఒక ఊరికి పెద్ద గడ్డిబీడు ఉండేది. గొర్రెలు మేశాయి, మేకలు మేశాయి, వానలు ముఖం చాటేశాయి. గడ్డి పోయింది. ఏటి ఇసుక గాలికి లేచొచ్చి బీడంతా పరుచుకుంది. మిగిలినవి తంగేడు పొదలే. వాటిని మేకలు కూడా ముట్టవు కదా!

తంగేడంటే ఆ ఊరివాళ్లకు గౌరమ్మ ఇల్లు. దేవత ఇంట్లో చెత్త ఉంటే గడ్డి ఎట్లా మొలుస్తుందని, ప్రతి శుక్రవారం పొదల కింద రాలిన ఆకంతా ఊడ్పించి కాల్చేవాళ్లు. ఎంత భక్తో చూడండి! ఊడ్చే పని ముసలి ఈరక్కది. ఆమెకు మొగుడూ లేడు, పిల్లలూ లేరు. ఊడ్చినందుకు ఊరు పెట్టే జొన్నలే తిండి.

ఒక ఏడు ఈరక్కకు జ్వరం వచ్చింది. మూడు శుక్రవారాలు మంచం దిగలేదు. లేచాక ఊడ్చుకుంటూ పోయింది గానీ, చివరి పొద దగ్గరికొచ్చేసరికి ఓపిక అయిపోయింది. అక్కడి ఆకును అట్లాగే వదిలేసింది. గాలి దానిమీద ఇసుక కప్పింది.

మూడేళ్లు తిరిగాక నాలుగు చినుకులు పడితే చూసింది, ఆ పొద కింద మూడు గడ్డిపరకలు. బీడు మొత్తంలో అవే. ఈరక్క ఇసుకలో చెయ్యి పెట్టింది. లోపల ఆకు నల్లగా, మెత్తగా, చల్లగా తగిలింది. చీపురు అక్కడే పారేసింది.

ఊరిపెద్ద ఓబన్న మండిపడ్డాడు.

“ఏం ఈరక్కా, అమ్మ ఇల్లు ఊడ్చకుంటే ఎట్లా? గొర్రెలన్నీ సచ్చిపోతాండాయి!”

“ఆయమ్మ వంట సేస్తాంది నాయనా. మనమే పొయ్యి మీది కూడు ఎత్తి కాల్చేస్తాండాం. మూడు వానకాలాలు ఆగు.”

“సరే, ఆగుతా. అప్పటికీ గడ్డి రాకుంటే పొదలు నరుక్కోని, మిగిలిన గొర్రెలు తోలుకోని ఊరొదిలి పోతాం. ఊడ్చనోళ్లకు జొన్నలు మాత్రం లేవు.”

ఈరక్క సరేనంది. రేగుపళ్లు తింది, నీళ్లు తాగింది. పొద పొదకూ తిరిగి రాలిన ఆకును దగ్గరికి తోసింది. గాలి ఎత్తుకుపోకుండా దానిమీద దోసెడు ఇసుక మూత పెట్టింది.

మొదటి వానకాలం వచ్చింది. ఆకు ఆకులాగే ఉంది.

“ఉడికిందా ఈరక్కా?” అని ఊరు నవ్వింది.

“ఉడుకుతాంది.”

రెండో వానకాలం వచ్చింది. ఆకు నిండా చిల్లులు, చెదలు.

“ఉడికిందా ఈరక్కా? చెదలకేనా విందు, మాకేమన్నా ఉందా?”

“ఉడుకుతాంది.”

మూడో వానకాలం ఇంకా రాలేదు. ఈరక్క ఎముకల గూడైపోయి మంచం పట్టింది. ఓబన్న గంజి తీసుకుని వెళ్లాడు. ఈసారి అతను నవ్వలేదు.

“ఉడికిందా అక్కా?”

“ఉడుకుతాంది నాయనా. మూత తియ్యొద్దు.”

గంజి ముట్టకుండానే ఆమె కన్నుమూసింది. బీడు నడుమ పూడ్చారు. ఆమె మీద ఊరంతా మనిషికో దోసెడు తంగేడాకు వేసింది. పైన ఇసుక కప్పింది.

తర్వాత వాన పడింది. మూడు పగళ్లు, మూడు రాత్రులు పడింది. వారం తిరిగాక ఓబన్న మాట ప్రకారం గొడ్డలి భుజాన వేసుకుని బీడుకు వెళ్లాడు. వెళ్లి కొయ్యబారిపోయాడు. పొద పొద చుట్టూ పచ్చగడ్డి! ఈరక్కను పూడ్చిన మట్టి మీద మోకాలెత్తు గడ్డి! ఓబన్న గొడ్డలి కింద పెట్టాడు. పిడికెడు నల్లమట్టి తీసి వాసన చూశాడు. పెద్దమనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఇప్పటికీ ఆ ఊళ్లో తంగేడు కింద చీపురు ఆడించరు. కొత్త కోడలు తెలియక ఊడ్చబోతే, “మూత తియ్యొద్దే, అక్క వండుతాంది” అని అత్తలు చెయ్యి పట్టుకుంటారు. తొలి గడ్డి మొలిచిన రోజు గొర్రెల్ని వదలకముందే, వేడివేడి జొన్నసంగటి ఈరక్క మట్టి దగ్గర పెట్టి ఊరంతా ఒక్క గొంతుతో పిలుస్తుంది.

“ఉడికిందక్కా, రా, తిందువుగానీ!”