మీ ఇంట్లో ఎంతమంది

నరహరి మాస్టారికి ఒక అలవాటు ఉంది. శిష్యులు ఏది అడిగినా నోటితో జవాబు చెప్పరు. "కిందికెళ్లి గురవయ్య గారిని పిలవండి" అంటారు.

ఆ గురవయ్యని నేనే. ఏలూరు పవర్‌పేటలో ఆ మేడ కింది గదిలో నలభై ఒక్క ఏళ్లుగా బట్టలు కుడుతున్నాను. పై అంతస్తులో మాస్టారు పిల్లలకి ఫోను తెరలు గీయడం నేర్పుతారు. ఏ బొమ్మ ఎక్కడ ఉండాలి, ఏది నొక్కితే ఏది రావాలి, చూసేవాడు తడబడకుండా పని ఎలా జరగాలి, ఇదీ ఆ విద్య. దానికి హైదరాబాదులో మంచి ఉద్యోగాలున్నాయట.

ఎవరైనా తెర గీయడం పూర్తి చేస్తే నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఫోను చేతికిస్తారు. గీసినవాళ్లు పక్కనే కూర్చోవాలి. నోరు మెదపకూడదు, వేలు పెట్టకూడదు. నేను తడబడిన చోటల్లా వాళ్లు దిద్దుకోవాలి. నా చదువు కూడబలుక్కునేంత. అంకెలు మాత్రం టేపు పుణ్యమా అని గట్టిగా వచ్చు. అలాంటి మనిషే కావాలంటారు ఆయన. ఆరేళ్ల కిందట తన కూతురి పెళ్లికి ఈయన ఎదురు వీధిలో రెడీమేడ్ కోటు కొనుక్కుని, ఆ సంచితో నా కొట్టు ముందు నుంచే నడిచి వెళ్లారు. అది నేను మరిచిపోలేదు. ఆ కోటు ఎడమ భుజం దగ్గర ముడత పడిన సంగతీ మరిచిపోలేదు. అయినా పిలిస్తే వెళతాను. మధ్యాహ్నం పూట నా కొట్లోకి ఎలాగూ ఎవరూ రారు.

మొన్న మంగళవారం మృదుల అనే శిష్యురాలు ఆయన్ని అడిగింది. నేను మెట్ల మీద ఉండగానే ఆ మాటలు వినిపించాయి.

"రెండు కంపెనీలు నన్ను కాదన్నాయి మాస్టారూ. నా పని పాతగా ఉందన్నారు. శుక్రవారం మూడోది. ఇదీ పోతే ఇంక ఇంటికొచ్చేసి మా ఊరి స్కూల్లో టీచరుగా చేరమంటున్నాడు నాన్న. పోయినేడు నీడలు పడే పెట్టెలు గీయమన్నారు. ఈ ఏడు అద్దం మీద ఆవిరి పట్టినట్టు మసగ్గా ఉండాలంటున్నారు. అసలు వాళ్లు ఏం చూసి మనిషిని తీసుకుంటారు?"

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నన్ను చూసి కుర్చీ జరిపారు. "ఇదిగో, గురవయ్య గారే వచ్చారు. ఇవ్వు."

ఇంటికి భోజనం తెప్పించుకునే తెర గీసింది ఆ పిల్ల. అప్పటికే పదకొండు మంది చేత నొక్కించింది, పదకొండు మందీ నిమిషం లోపు ముగించారు. నేను పన్నెండోవాణ్ణి. పన్నెండుకి పన్నెండు అని కాగితం మీద రాసుకుని శుక్రవారం కంపెనీలో చూపించాలని ఆమె ఆశ.

అందంగానే గీసింది, కాదనను. రంగులు కలిసిన చోట అతుకు కనపడలేదు. మొదటి ప్రశ్న, మీ ఇంట్లో ఎంతమంది అని. దాని కింద బొమ్మలు. ఇద్దరు నవ్వుతున్నారు. పక్కన ముగ్గురు. ఆ పక్కన నలుగురు, పిల్లతో సహా. అంతకు మించి ఉంటే ఒక కూడిక గుర్తు. నేను బొటనవేలితో తెరను అటు జరిపాను, ఇటు జరిపాను. ఇంకేమీ లేదు. పక్కన పిల్ల ఊపిరి బిగబట్టి కూర్చుంది.

ఇద్దరున్న బొమ్మ నొక్కాను. తరవాత అంతా నున్నగా సాగిపోయింది. అన్నం, పప్పు, దొండకాయ వేపుడు, పెరుగు. నలభై ఎనిమిది సెకన్లంది మృదుల. మొహం వెలిగిపోయింది.

"ఎక్కడన్నా ఆగారా?" అన్నారు మాస్టారు.

"మొదట్లో ఒక్క క్షణం. పెద్దాయన కదండీ, కళ్లు ఆనలేదేమో."

నేను ఈ నాటికీ కళ్లజోడు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తాను. ఆ మాట ఆమెకి చెప్పలేదు, మనసులో పెట్టుకున్నాను.

"రేపు మధ్యాహ్నం ఆయన నొక్కినవన్నీ సందు చివరి మెస్సులో కట్టించు," అన్నారు మాస్టారు. "నీ చేత్తో పట్టుకెళ్లి ఇవ్వు."

బుధవారం ఒంటిగంటకి వచ్చింది. చేతిలో రెండు భోజనాలు. కటింగ్ బల్ల మీద పెట్టి గుమ్మం వైపు చూసింది.

"ఇంకొకరు వస్తారా తాతగారూ? చల్లారిపోతుంది."

"పెట్టి వెళ్లమ్మా."

వెళ్లలేదు. నా కొట్టే నా ఇల్లు. దుప్పటి అడ్డం కట్టిన వెనక భాగంలో మంచం, పొయ్యి. గోడకి బోర్లించిన కంచం ఒకటి, గ్లాసు ఒకటి. రెండు మిషన్లలో ఒకదానికి గుడ్డ తొడిగి ఉంటుంది. ఆ తొడుగు నేను కుట్టిందే, మూలలు సరిగ్గా కూర్చుంటాయి. పిల్ల కళ్లు దాని దగ్గర ఆగాయి.

"అది ఎవరిది?"

"మా ఆవిడ రత్తమ్మది. బొత్తాలకి కాజాలు తనే తీసేది."

"ఇప్పుడు?"

"పోయి మూడేళ్లయింది. కాజాలు బయటిస్తున్నాను. ఒక్కడికీ చేత కావడం లేదు."

ఆమె బల్ల మీది రెండు భోజనాల వైపు చూసింది.

"మరి ఇద్దరని నొక్కారేం?"

"నీ దాంట్లో ఒకటి ఏదీ?"

"చెప్పొచ్చు కదా తాతగారూ."

"ఎవరికి చెప్పను? నిన్ను మాట్లాడొద్దన్నారుగా."

నన్ను మాట్లాడొద్దని ఎవరూ అనలేదు, నిజమే. కానీ నా ఇంట్లో రెండో మనిషి లేదని ఒక ఫోనుకి మనవి చేసుకోవడం నాకు తల కొట్టేసినట్టనిపించింది. ఒక కట్ట విప్పుకుని తిన్నాను. రెండోది సాయంత్రం తిన్నాను. అన్నం పారేయడం మా ఇంట్లో లేదు.

ఆ రోజే మృదుల మిగతా పదకొండు మందికీ ఫోను చేసిందట. అందులో ముగ్గురు ఒంటిగా గదుల్లో ఉంటున్నారు. ముగ్గురూ ఇద్దరనే నొక్కారు. ఒక్కరూ పైకి అనలేదు. అందరూ నిమిషం లోపే ముగించారు.

గురువారం సాయంత్రం మళ్లీ పిలిచారు. రాత్రి బండికి వెళ్లాలని ఆమె సంచి సర్దుకునే వచ్చింది. తెర దిద్దింది. ఇద్దరికి ముందు ఒక మనిషి బొమ్మ చేర్చింది. నేను పరకాయించి చూశాను. నిటారుగా నిలబడ్డాడు, కాలరు మెడకి సరిగ్గా కూర్చుంది, భుజం దగ్గర ముడత లేదు. జాలిగా గీయలేదు. వంక పెట్టడానికి ఏమీ లేదు.

అతను నేనే అని ఒప్పుకుంటే చాలు, నొక్కడమే తరువాయి.

వేలు ఆ బొమ్మ మీద ఆనించలేదు, పైన పట్టుకున్నాను. పక్కన పిల్ల ఉంది. మాస్టారు కిటికీ దగ్గర నిలబడి వీధిలోకి చూస్తున్నారు. ఎంతసేపు గడిచిందో నేను లెక్క పెట్టలేదు. తరవాత వేలు పక్కకి జరిగి ఇద్దరున్న బొమ్మ మీద పడింది. పడ్డందుకు దాన్ని నేను తిట్టలేదు.

మృదుల మాట్లాడలేదు. పొరపాటున నొక్కారు అనలేదు, మళ్లీ నొక్కమనలేదు. నియమానికి భయపడి ఊరుకున్నట్టు నాకు తోచలేదు. సంచిలోంచి పన్నెండుకి పన్నెండు అని రాసిన కాగితం తీసి, దాన్ని కొట్టేసి, కింద ఏదో రాసింది. రాసింది నాకు కనపడకుండా దాచలేదు. నేను కూడబలుక్కుని చదివాను. 'ఒకటి ఉంది. పద్దెనిమిది సెకన్లు ఆగారు. రెండు నొక్కారు. ఎందుకో నేను అడగలేదు.'

అప్పుడు మాస్టారి వైపు తిరిగింది.

"దీంతో వెళితే మూడోదీ పోతుందేమో మాస్టారూ. రేపు వాళ్లు ఇదేమిటి, ఈ మనిషి ఇక్కడ ఎందుకు ఆగాడు అని అడిగితే ఏం చేయను?"

మాస్టారు కిటికీ దగ్గర నుంచి రాలేదు.

"అడిగితే, ఆ కంపెనీలో చేరు."