చెలమకోనలో నీళ్ల హారతి

చెలమకోన అమ్మవారి సన్నిధికి మొదటిసారి వచ్చే భక్తులు బండి దిగగానే కర్పూరం అంగడి కోసం వెతుకుతారు. అది దొరకదు. టెంకాయలు, పసుపు కుంకుమలు దొరుకుతాయి. కోతుల బెడదకు చేతికర్రలు సైతం అద్దెకు దొరుకుతాయి. కర్పూరం, అగరొత్తులు, ప్రమిదలు మాత్రం ఈ కోనలో ఎవరూ అమ్మరు. గర్భగుడికి పైకప్పు లేదు, లోపల దీపం లేదు. పొద్దు గూకగానే తలుపులు మూస్తారు.

ఇక్కడ చెలమమ్మ తల్లికి హారతి నీళ్లతోనే. అర్చకుడు రాగి చెంబెడు నీళ్లు అమ్మవారి ముఖం చుట్టూ తిప్పి, వాటిని భక్తుల దోసిట్లో పోస్తాడు. పోసే ముందు గోత్రం అడగడు, నక్షత్రం అడగడు. "మీ అమ్మ నిన్ను ఏమని పిలిచేది?" అని అడుగుతాడు. తనను తాను పాపినని చెప్పుకుంటూ ప్రదక్షిణ చేసే శ్లోకాన్ని ఈ గుడిలో చదవరు. అలవాటు కొద్దీ ఎవరైనా మొదలుపెడితే, అర్చకుడు వచ్చి మెల్లగా భుజం తడతాడు. ఈ ఆచారాల వెనుక ఒక తల్లి కడుపుకోత ఉంది.

పూర్వం ఇక్కడ గుడి లేదు, వాగు మాత్రమే ఉండేది. ఎండాకాలం వాగు ఎండిపోతే, ఇసుకలో చేత్తో గుంట తోడేవారు. అడుగున ఊట ఊరి, మట్టి కిందికి దిగి, కాసేపటికి నీరు తేటపడేది. ఆ గుంటనే చెలమ అంటారు. పైన బోడిగుట్ట వాలులో బోదగడ్డి కప్పిన గుడిసెల పల్లె ఒకటి ఉండేది. ఓబుళమ్మ అనే ఆమె ఆ పల్లెలో తన ఒక్కగానొక్క కూతురు వెంగితో బతికేది. భర్త పోయిన ఇంట్లో ఆ పిల్లే ఆమెకు దీపం. వెంగికి ఏడేళ్లు. పూట పూటకూ నీళ్లకు పోయే తల్లి వెంటే పోయేది, నడవలేక దారిలో చంకెక్కేది.

గుట్ట మీద పశువులు కాచేవారికి ఒక పద్ధతి ఉండేది. ఫాల్గుణంలో ఎండిన గడ్డిని కాల్చేస్తే, నాలుగు చినుకులు పడగానే దుబ్బుల నుంచి లేత పచ్చిక లేస్తుంది. అయితే తెల్లవారి మంచు ఆరకముందే కాల్చాలి. నలుగురు పచ్చికొమ్మలు పట్టుకొని కాపు నిలవాలి. ఆ ఏడు కరువు. కాపరులలో ఒకడి ఈనబోయే ఆవు లేవలేక పడిపోయింది. అదే మధ్యాహ్నం పడమట చిన్న మబ్బు కనిపించింది. వాన వచ్చేస్తుందని, వచ్చేలోపు గడ్డి కాల్చకపోతే ఆవు దక్కదని అతనికి ప్రాణం కొట్టుకుంది. పిడికెడు దుమ్ము ఎగరేసి చూశాడు. గాలి నిలిచినట్టే అనిపించింది. ఒక్కడే నిప్పు పెట్టాడు. మబ్బుకు ముందు గాలి వస్తుందన్న సంగతి ఆ తొందరలో మరిచాడు. గాలి వచ్చింది, వాన రాలేదు.

పెద్దలు పనులకు పోయిన వేళ అది. గుడిసెల్లో పిల్లలు, ముసలివారు పడుకొని ఉన్నారు. ఎండకు వద్దని ఓబుళమ్మ ఆ రోజు వెంగిని ఇంట్లోనే ఉంచి, తాను చెలమకు వచ్చింది. కడవ నెత్తికెత్తుకొని గుట్ట వైపు చూసేసరికి పొగ కనిపించింది. ఆ కడవ నీళ్లతోనే పరుగెత్తింది. ఆమె చేరేసరికి ఆర్పడానికి ఏమీ మిగలలేదు.

పంచాయతీ కూడింది. నిప్పు పెట్టిన కాపరి పశువులను పంచేశారు. నిప్పు ఇవ్వరాదు, నీళ్లు పోయరాదు, చెలమను ముట్టనివ్వరాదు, పేరు పెట్టి పిలవరాదు అని కట్టడి చేశారు. నాటి నుంచి అతను కొరివిగాడు. పిల్లలకు కూడా ఆ మాటే నేర్పారు. ఏడాది తిరిగేసరికి అసలు పేరు ఊరిలో ఎవరి నోటా లేకుండా పోయింది.

బిడ్డ లేని చోట ఓబుళమ్మ ఉండలేకపోయింది. చెలమ పక్కనే చిన్న పాక వేసుకొని, ఇసుక తోడుతూ, దారిన పోయేవారికి నీళ్లు పోస్తూ కాలం గడిపింది. ఆమె ఎవరికీ చెప్పుకోని మాట ఒకటి లోపల తొలుస్తూ ఉండేది. ఆ రోజు చెలమ నీరు మట్టిగా ఉంటే, తేటపడేదాకా ఆమె గట్టున కూర్చుంది. చల్లగాలికి కాస్త కళ్లు కూడా మూసుకుంది. కూర్చోకుండా వెళ్లి ఉంటే బిడ్డ దక్కేదేమో! ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా ఆమె కొరివిగాణ్ణి ఇంకా గట్టిగా తిట్టేది.

మరుసటి వేసవి మరీ గడ్డుది. పశువుల అడుగుల గుంటల్లో నిలిచే నీళ్లు తాగి బతికిన కొరివిగాడికి ఆ గుంటలూ ఎండిపోయాయి. వాగు అవతలి బండ మీదకు వచ్చి కూర్చునేవాడు. అడిగేవాడు కాదు, చెలమ వైపు అడుగు వేసేవాడు కాదు. నాలుక పిడచకట్టి, ఆనాడు మంట ఆర్పబోయి కాలిన మచ్చల చేతులు ఒళ్లో పెట్టుకొని అలా చూస్తూ ఉండేవాడు. చెలమ కూడా అడుగంటింది. చెంబెడు నీళ్లు ఊరడానికి పూటంతా పట్టేది.

ఒక మధ్యాహ్నం ఓబుళమ్మకు పాకలో కునుకు పట్టింది. కలలో తడి ఇసుకలో నుంచి ఒక ఆడగొంతు పలికింది.

"ఓబుళమ్మా, అవతల ఒకడు దాహంతో పోతాండాడు. వాని పేరడిగి, దోసిట్లో నీళ్లు పొయ్యి."

"నా బిడ్డను కాల్చినోని పేరు నా నోట పలకల్లా? వాణ్ణి నేను క్షమించను తల్లీ. నా వల్ల కాదు."

"క్షమించమని నేను అన్లేదే! పేరు అడగమంటి, నీళ్లు పొయ్యమంటి." ఆ గొంతు మెత్తగా అంది: "ఆ పొద్దు గట్టున కండ్లు మూసుకున్న నిన్ను ఊరంతా బిడ్డను చంపుకున్నదానా అని పిలిచింటే, నువ్వేమైపోయేదానివమ్మా?"

ఓబుళమ్మ ఉలిక్కిపడి లేచింది. చాలాసేపు ఏడ్చింది. తర్వాత చెలమలో ఉన్న ఆ చెంబెడు నీళ్లూ ముంచుకొని, కాలే ఇసుక మీద వాగు దాటింది. ఆమె కొట్టడానికి వస్తోందనుకొని అతను తల వంచాడు.

"నీ పేరేంది?" అని అడిగింది.

"కొరివిగాడు."

"అది మేం పెట్టింది. మీ అమ్మ ఏమని పిలిచేది నిన్ను?"

అతను చాలాసేపు వెతుక్కున్నాడు. "కదిరప్పా అని..." అన్నాడు చివరికి, ఆ పేరు తనది కానట్టు.

"కదిరప్పా, దోసిలి పట్టు."

ఆమె నీళ్లు పోసింది. కదిరప్ప సగమే తాగి దోసిలి దించేశాడు. "మబ్బును సూస్తి, గాలిని సూడకపోతి తల్లీ. మంచు దిగేదాకా ఆగింటే..." అంటూ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె ఓదార్చలేదు. అలాగని వెళ్లిపోనూ లేదు. కాసేపటికి అతనే అడిగాడు: "పాపను ఏమని పిలిచేదానివమ్మా?"

ఏడాదిగా ఓబుళమ్మను ఆ మాట అడిగినవారు లేరు. ఆమె దుఃఖం ఎక్కడ రేగుతుందోనని ఊరివారు ఆ పేరే ఎత్తేవారు కారు. "వెంగి" అంది. ఆ పేరు పైకి పలకగానే ఆమె గుండె పగిలినట్టయింది. ఇద్దరూ ఆ బండ మీదే కూర్చొని పొద్దు వాలేదాకా ఏడ్చారు.

ఇచ్చిన నీళ్లకు బదులు చెలమ తోడనిమ్మని కదిరప్ప బతిమాలాడు. ఆమె కాదనలేదు. మోచేతుల లోతు తోడేసరికి అతని వేళ్లకు రాయి తగిలింది. ఇసుక తుడిస్తే అమ్మవారి ముఖం బయటపడింది. విగ్రహం దోసిలి పట్టి, నీళ్ల కోసం అడుగుతున్నట్టు ఉంది. రాయిని కదిలించగానే దాని కింద నుంచి ఊట ఉబికింది.

సంగతి విని ఊరివారు వచ్చారు. పెద్దలు విగ్రహాన్ని చూసి మొక్కబోయి, ఆగిపోయారు.

"కొరివిగాడు ముట్టిన రాయికి మేం మొక్కాల్నా?" అన్నాడు ఒక పెద్దాయన.

"కొరివిగాడంటే ఎవురో నాకు తెలీదు పెద్దయ్యా," అంది ఓబుళమ్మ. "అమ్మను తీసినోడు కదిరప్ప. వాళ్లమ్మ పెట్టుకున్న పేరు."

అందరికంటే ఎక్కువ పోగొట్టుకున్న మనిషి ఆ మాట అనడంతో పెద్దలు ముందుకు వచ్చి విగ్రహానికి మొక్కారు. కట్టడి ఎత్తేశారు. అయినా కదిరప్ప ఊళ్లోకి పోలేదు. బతికినన్నాళ్లూ చెలమ తోడుతూ కోనలోనే ఉన్నాడు, నిప్పు ముట్టలేదు, వండుకొని తినలేదు. కొన్నేళ్లకు అతను పోయినప్పుడు చితి పేర్చడానికి ఓబుళమ్మ ఒప్పుకోలేదు. వాగు గట్టున మట్టిలో పెట్టించి, చెంబెడు నీళ్లు పోసింది. క్షమించానన్న మాట ఆమె ఏనాడూ అనలేదు. నీళ్లు పోయడం కూడా ఏనాడూ మానలేదు.

నేటికీ ఫాల్గుణ బహుళ అష్టమి నాటి మధ్యాహ్నం ఇక్కడ పేర్ల సేవ జరుగుతుంది. నాటి మంటల్లో కాలిపోయిన వారి పేర్లు ఒక్కొక్కటిగా పిలిచి, ఒక్కొక్కరికీ నీళ్లు వదులుతారు. చివర వెంగిని పిలుస్తారు. ఆ వెంటనే, గొంతు మార్చకుండా, కదిరప్పను పిలుస్తారు.

చేసిన తప్పు మోయలేక ఇక్కడికి వచ్చేవారు ఎందరో ఉన్నారు. ఏం చేశావని వారిని ఎవరూ అడగరు. తమకు జరిగిన అన్యాయం మరువలేక వచ్చేవారూ ఉన్నారు. మరిచిపొమ్మని వారికి ఎవరూ చెప్పరు. తల్లిని సేవించిన వారికి దాహబాధ, తాపజ్వరం, నిద్రలేమి తొలగుతాయని పెద్దల నమ్మకం. పోయినవారు తిరిగి వస్తారని మాత్రం ఈ క్షేత్రంలో ఎవరూ చెప్పరు.

అర్చకుడు చెంబు వంచుతూ చిన్ననాటి పేరుతో పిలిచినప్పుడు, ఎంత గట్టివారైనా చప్పున బదులు పలకలేరు. అందుకే ఇక్కడ దర్శనం వరుస మెల్లగా కదులుతుంది. భక్తులు తొందరపెట్టరాదని మనవి.